నక్షత్రములు దేవతల ఇండ్లు
(కార్తిక శుద్ధ పంచమి సాయంకాలము ఆలయ మండపమున చేసిన ఉపన్యాసము)

 

ఇప్పుడే అర్చకస్వామి ఆకాశదీపమును ధ్వజస్తంభమునకు ఎత్తినారు. చిల్లుల పాత్రలో ఆ దీపము మన ముందున్నప్పుడు అరచేయంత వెలుగు. త్రాడు లాగిన కొలది అది చిన్నదై, పైకి చేరునప్పటికి చుక్కవలె ఐనది. దీపము తగ్గలేదు, దూరము పెరిగినది. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు, మరల దీనియొద్దకే వచ్చెదము.

ఈ మాసమునకు కార్తికమను పేరు కృత్తికానక్షత్రమువలన వచ్చినది. పూర్ణిమనాడు చంద్రుడు కృత్తికలతో కూడియుండును గనుక ఇది కార్తికము. తైత్తిరీయ బ్రాహ్మణములోని నక్షత్రేష్టియందు కృత్తికలు ఏడుగురికి ఏడు పేర్లు కలవు: అంబా, దులా, నితత్నీ, అభ్రయంతీ, మేఘయంతీ, వర్షయంతీ, చుపుణీకా. నడిమి మూడు పేర్లను వినుడు. మబ్బులు కమ్మించునది, మేఘములను చేర్చునది, వాన కురిపించునది. నాటివారు నక్షత్రమును పిలుచుచు వాననే కోరిరి. అన్నము కొరకు ఆకాశమును చూచినవారు వారు. ఆరుద్ర కార్తెకు విత్తనములు సిద్ధము చేసికొను మన రైతు నేటికిని అదే చేయుచున్నాడు.

ఈ పేర్లను నేను పాఠశాలలో చాల ఏండ్లు పిల్లలకు వల్లె వేయించితిని. ఒకనాడు పండ్రెండేండ్ల శిష్యుడొకడు లేచి, "గురువుగారూ, నక్షత్రమనగా మండుచున్న వాయుగోళమని మా అన్నయ్య స్కూలు పుస్తకములో ఉన్నదండీ. వాయువునకు హవిస్సు ఎందుకండీ?" అని అడిగెను. నాకు సమాధానము తెలియలేదు. తెలియదని చెప్పుటకు అహంకారము అడ్డువచ్చినది. వేదనింద చేయకుమని గట్టిగా గద్దించి కూర్చుండబెట్టితిని. వాడు ఆపైన ఏ విషయముననైనను ప్రశ్న వేయుట మానెను. ఆ సంవత్సరాంతమున పాఠశాలను విడిచిపోయెను. నా మాటవలననే పోయెనని చెప్పజాలను, కాదనియు చెప్పజాలను. ఆ సమాధానమును నేడు ఈ మండపమున చెప్పబూనితిని. వాడు ఎక్కడ ఉన్నను, వాని వయస్సువారు ఇక్కడ ఉన్నారు కదా.

ముందుగా, నక్షత్రము ఏమిటి? మన సూర్యుడే ఒక నక్షత్రము. అందరాని దానిలో ఏమున్నదో మానవుడు ఎట్లు తెలిసికొనెను? ఆ కథలో మన గుంటూరునకు చోటున్నది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము మన తీరమునకు వచ్చినది. దానిని పరిశీలించుటకు ఫ్రాన్సు దేశపు జాన్సెన్ గుంటూరునకు వచ్చెను. చెన్నపట్నపు వేధశాలకు చెందిన పాగ్సన్ బందరుకు వచ్చెను. కాంతిని గాజుపట్టకముతో రంగులుగా విడదీసినచో ప్రతి పదార్థమునకు దానిదైన గీతలు కనబడును. సూర్యుని అంచున ఎగయు జ్వాలలలో అప్పటివరకు ఎరుగని పసుపు గీత కానవచ్చినది. ఆ అక్టోబరులో ఇంగ్లండున లాకియర్ గ్రహణము లేకుండగనే ఆ గీతను చూచెను. గ్రీకు భాషలో సూర్యుని పేరును బట్టి ఆ పదార్థమునకు హీలియమను పేరు వచ్చినది. భూమిపై అది చేజిక్కినది 1895లో మాత్రమే. సూర్యునియందు ముందు, భూమియందు తరువాత!

నేడు తెలిసినదేమనగా, నక్షత్రములో అధికభాగము హైడ్రోజను. గర్భములో ఒకటిన్నర కోటి డిగ్రీల వేడిమి. అక్కడ హైడ్రోజను హీలియముగా మారుచుండగా వెలుగు పుట్టును. మన సూర్యునిలో క్షణమునకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజను ఇట్లు మారుచున్నది. అందులో 40 లక్షల టన్నులు కేవలము తేజస్సుగా వెలువడుచున్నవి. ఇది యజ్ఞమువంటిది అని చెప్పవలెనని నాకును నోరూరుచున్నది. కాని ఉపమానము ఉపమానమే, ప్రమాణము కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. విమానములు, అణుబాంబులు, అన్యగ్రహములవారి నౌకలు, అన్నియు వేదములో ఉన్నవని కొందరు పుస్తకములు అచ్చువేయుచున్నారు. నేను వేదమును చదువుకొన్నవాడను. అవి నాకు కనబడలేదు. ప్రత్యక్షముతోను అనుమానముతోను తెలియు విషయములను చెప్పుటకు శ్రుతి బయలుదేరలేదు. అగ్ని చల్లనిదని నూరు శ్రుతులు చెప్పినను అది ప్రమాణము కాజాలదని శంకరభగవత్పాదులు గీతాభాష్యమున పదునెనిమిదవ అధ్యాయములో విచారించిరి. అంతటి ధైర్యము ఆచార్యులకు ఉండగా మనకెందుకీ భయము? నక్షత్రము దేనితో చేయబడినదో పట్టకము చెప్పినచో వినుటలో దోషము లేదు.

మరి హవిస్సు ఎవరికి? తైత్తిరీయ బ్రాహ్మణము నక్షత్రములను దేవతల ఇండ్లని చెప్పినది. ఇండ్లు అన్నది, గమనించుడు. ఇల్లు ఇటుకలతోను సున్నముతోను కట్టబడినదని మేస్త్రి చెప్పును, అది సత్యమే. లోపల ఎవరున్నారని మేస్త్రిని అడుగము, తలుపు తట్టి పిలుతుము. ఈ శరీరమందు నీరెంత, సున్నమెంత, ఇనుమెంత అని వైద్యుడు లెక్క చెప్పును. అంతమాత్రమున లోపలివాడు లేకపోడు. ఇంకొక వింత. మన రక్తములోని ఇనుము పూర్వము నక్షత్రగర్భములలో పుట్టి, అవి పగిలినప్పుడు వెదజల్లబడినదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. వారి ఇల్లును మన ఇల్లును ఒకే మట్టితో కట్టబడినవి. ఆ ఇంటికి అభిమానియైన దేవతకు హవిస్సు. కృత్తికలకు అగ్ని, ఆర్ద్రకు రుద్రుడు. ఆనాడు నేను ఆ పిల్లవానికి చెప్పవలసినది ఇంతే. పట్టుమని పది మాటలు.

ఇక దూరము. మహాభారతమున వనపర్వములో అర్జునుడు ఇంద్రుని రథమెక్కి స్వర్గమునకు పోవు ఘట్టము కలదు. అక్కడ సూర్యచంద్రుల వెలుగు లేదు. తమ పుణ్యప్రభచే తామే వెలుగు రూపములు వేలకొలది కనబడెను. ఎవరు వీరని అర్జునుడు అడుగగా, భూమినుండి నీవు చుక్కలుగా చూచినవారు ఈ పుణ్యాత్ములేయని మాతలి చెప్పెను. అవి మిక్కిలి పెద్దవైనను దూరమువలన దీపములవలె చిన్నవిగా కనబడునని వ్యాసులవారు అచ్చట చెప్పిరి. ధ్వజస్తంభముపై దీపమును చూచినవారికి ఈ మాట బోధపడును. దీనిని పట్టుకొని వ్యాసులవారికి దూరదర్శిని ఉండెననుట అక్కరలేదు. కన్నులున్న మహానుభావుడు, దీపమును చూచినాడు, ఆలోచించినాడు.

ఆ దూరమెంత? కాంతి క్షణమునకు మూడు లక్షల కిలోమీటర్లు పోవును. కృత్తికలనుండి మనకు రావలెనన్న దానికి సుమారు 440 ఏండ్లు. నేటి రాత్రి మనము చూచు వెలుగు తళ్ళికోట యుద్ధము జరిగిన కొలది కాలమునకు బయలుదేరినది. వసిష్ఠారుంధతుల కాంతికి సుమారు 80 ఏండ్లు పట్టును. నేను డెబ్బది దాటినవాడను. నేను చూచు అరుంధతి నేను పుట్టకముందటి అరుంధతి! అరుంధతి అనగా గుర్తువచ్చినది. ఈ రోజులలో పట్టపగలు పదిగంటల ముహూర్తమునకు వధూవరులను వెలుపలికి తెచ్చి, వేలు చూపి, కనబడినదా యని పురోహితుడు అడుగును. కనబడినదని వరుడు చెప్పును. ఇద్దరును కలిసి సంసారమును అబద్ధముతో ఆరంభింపజేయుచున్నారు. రాత్రివరకు ఆగి చూపినచో ఏమి పోయినది? దూరదర్శినితో చూచిన ఆ వసిష్ఠుడొక్కడు నాలుగు నక్షత్రముల కూటమి, అరుంధతి రెండు.

ఇన్ని సూర్యులున్నచోట మనవంటివారు మరి ఎక్కడనైనను ఉన్నారా? 1960లో అమెరికాలోని గ్రీన్‌బాంక్‌లో ఫ్రాంక్ డ్రేక్ అను శాస్త్రజ్ఞుడు పెద్ద రేడియో దూరదర్శినిని రెండు నక్షత్రముల వైపు త్రిప్పి చెవియొగ్గెను. పలుకు రాలేదు. 1977 ఆగస్టు 15న ఒహాయోలోని రేడియో దూరదర్శినికి బలమైన సంకేతమొకటి 72 క్షణములు వినవచ్చినది. మరల ఎన్నడును వినబడలేదు. ఆ ఏడే వాయేజర్ నౌకలు రెండు బంగారు పూత గల పలకలను మోసికొని బయలుదేరినవి. వాటిలో 55 భాషలలో కుశలప్రశ్నలు, శుభాకాంక్షలు కలవు. మన తెలుగును ఉన్నది! భైరవిలో కేసర్‌బాయి కేర్కర్ గానమును ఉన్నది. వినువాడు ఎవడో తెలియదు, ఉన్నాడో లేడో తెలియదు. అయినను ముందుగా నమస్కారము చెప్పి పంపిరి. నాస్తికులని మనము అనుకొనువారు చేసిన ఈ పని నాకు మిక్కిలి నచ్చినది.

1995లో మేయర్, కెలోజ్ అను స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు మన పూర్వాభాద్ర చుక్కల నడుమనున్న సూర్యునివంటి నక్షత్రమునకు ఒక గ్రహమును కనుగొనిరి. 2025 సెప్టెంబరునాటికి ఇట్టి పరగ్రహముల లెక్క 6,000కు చేరినది. ఆ ఏప్రిలులోనే, భారతదేశమున పుట్టి కేంబ్రిడ్జిలో పనిచేయు మధుసూదన్‌గారి బృందము, 124 కాంతి సంవత్సరముల దూరమునున్న ఒక గ్రహపు వాయువులలో, భూమిపై సముద్రపు సూక్ష్మజీవులు పుట్టించు పదార్థపు జాడ కనబడినట్లున్నదని ప్రకటించినది. ఇది చాలదని ఇతర శాస్త్రజ్ఞులు ఆక్షేపించిరి. ఇంకను పరీక్షింపవలెనని ఆ బృందమే చెప్పినది. పూర్వపక్షము, సిద్ధాంతము, మనకు తెలిసిన పద్ధతియే.

రేపు నిజముగా జీవులు కనబడినచో మన ధర్మము ఏమగును? ఈ ప్రశ్న నన్ను అనేకులు అడిగిరి. 1600లో రోమునగరమున బ్రూనో అను పండితుని సజీవదహనము చేసిరి. అనేక లోకములున్నవనుట ఆయనపై మోపిన నేరములలో ఒకటి. పరమతనింద కొరకు చెప్పుట లేదు. భూమి తిరుగుచున్నదని 499లో చెప్పిన ఆర్యభటుని మనవారే, బ్రహ్మగుప్తునంతటివాడే, తప్పుపట్టెను. కాల్చలేదు, అంతవరకు మేలు. భాగవతమున బ్రహ్మ శ్రీకృష్ణుని స్తుతించుచు, లెక్కలేని బ్రహ్మాండములు నీ రోమకూపములలో కిటికీ సందున అణువులవలె సంచరించుచున్నవని మొరపెట్టుకొనెను. ఇట్టి స్తోత్రమును వినుచు పెరిగినవారికి ఇంకొక గ్రహమున ఇంకొక జీవుడు కనబడినచో ఉలికిపాటు ఎందుకు? వాడును జీవుడే, వాని లోపలివాడును ఆయనయే. అయితే మన చతుర్దశభువనములను దూరదర్శినిలో వెదకవలదు. ఆ శాస్త్రజ్ఞులు వెదకునది నీరు, గాలి, సూక్ష్మక్రిమి. వారికి నాచు దొరికినను పండుగయే.

కొందరి భయము వేరు. మనకంటె వేయిరెట్లు తెలివిగలవారు వచ్చినచో మానవుడు పురుగు ఐపోడా అని. తైత్తిరీయోపనిషత్తులోని ఆనందమీమాంసను తలచుకొనుడు. యౌవనము, విద్య, బలము, ధనముతో నిండిన భూమి యంతయు గల మనుష్యుని ఆనందము ఒక కొలత. దానికి నూరురెట్లు మనుష్యగంధర్వులకు, దానికి నూరురెట్లు దేవగంధర్వులకు, ఆపై పితరులు, దేవతలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి. మానవుని మించినవారిని ఇంత వరుసగా నిలబెట్టిన ఋషి ప్రతి మెట్టునను ఒక మాటను విడువలేదు. కోరికచే కొట్టబడని శ్రోత్రియునికి కూడ ఆ ఆనందమే కలదని. నూరురెట్లు పెంచిన ప్రతిసారియు ఆ పేదవానిని తెచ్చి పక్కన కూర్చుండబెట్టెను. బాల్యమున ఇది వల్లించునప్పుడు పునరుక్తి యని విసుగు పుట్టెడిది. ఇప్పుడు ఆ మాట వచ్చినప్పుడెల్ల గొంతు ఆగుచున్నది. ఆ సూక్ష్మబుద్ధులు ఏ నక్షత్రమునుండి వచ్చినను వారిని కూర్చుండబెట్టుటకు ఆ వరుసలో చోటున్నది. మనచోటు పోలేదు.

అర్చకస్వామి తీర్థప్రసాదములకు పిలుచుచున్నారు. తూర్పున కృత్తికలు ఈపాటికి పైకి లేచియుండును. పూర్ణిమనాడు చంద్రుడు వారి చెంతనే ఉండుటచే ఆ వెన్నెలలో వారు కానరారు. ఈ వారమే చూడుడు. సామాన్యముగా ఆరు కనబడును. చిన్నపిల్లల కన్నులు మంచివి, వారిని ఎత్తుకొని ఏడవదానిని వెదకమనుడు. ఏమైనను అడిగినచో గద్దింపకుడు.

స్వస్తి.