ఉచిత యాప్‌ల ఖరీదు: మన జాడ ఎవరి చేతిలో ఉంది?

(ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మా పిన్నతనంలో నమాజు వేళలు తెలుసుకోవడానికి రెండే ఆధారాలుండేవి. ఒకటి మస్జిదు నుంచి వినవచ్చే అజాన్. రెండవది గోడకు వేలాడే కాగితపు పట్టిక. ఆ పట్టిక మనకు వేళ చెప్పేదే గాని, మన గురించి ఎవరికీ ఏమీ చెప్పేది కాదు. నేడు ఆ పట్టిక ఫోనులోకి చేరింది. అజాన్ వినిపిస్తుంది, ఖిబ్లా దిశ చూపుతుంది, రంజాన్‌లో సహరీ, ఇఫ్తార్ వేళలు గుర్తు చేస్తుంది. దానికి మనం పైసా చెల్లించడం లేదు. మరి దానిని తయారుచేసిన వారి ఖర్చు ఎవరు భరిస్తున్నారు? ఈ ప్రశ్నను మనం అడగవలసినంత గట్టిగా అడగలేదు.

2020 నవంబరులో అమెరికాకు చెందిన మదర్‌బోర్డ్ అనే పత్రిక ఒక పరిశోధనా కథనం వెలువరించింది. ప్రపంచవ్యాప్తంగా 9 కోట్ల 80 లక్షలకు పైగా డౌన్‌లోడ్‌లు ఉన్నాయని చెప్పుకొనే ముస్లిం ప్రో అనే యాప్, తన వినియోగదారుల స్థాన సమాచారాన్ని ఎక్స్‌మోడ్ అనే దళారీ సంస్థకు పంపుతున్నదని ఆ కథనం వెల్లడించింది. ఎక్స్‌మోడ్ ఆ సమాచారాన్ని కొన్న వారికి అమ్మేది. కొన్న వారిలో అమెరికా రక్షణ శాఖకు పనిచేసే గుత్తేదారులు ఉన్నారు. సైన్యానికి తాము నేరుగా ఏమీ అమ్మలేదని యాప్ నిర్వాహకులు ఖండించారు. ఎక్స్‌మోడ్‌తో సంబంధం తెంచుకుంటున్నామని ప్రకటించారు. వారి మాట నిజమే కావచ్చు. కాని అసలు ప్రమాదం అక్కడే ఉన్నది. మనం ఒకరికిచ్చిన సమాచారం రెండవ వారి చేతికి, అక్కడి నుంచి మూడవ వారి చేతికి పోతుంటే, మొదట తీసుకున్న వారు సైతం దాని గమ్యాన్ని చెప్పలేని స్థితి ఏర్పడింది.

ఇది ఎలా జరుగుతుందో వివరిస్తాను. యాప్ తయారుచేసేవారు ప్రతి పంక్తినీ స్వయంగా రాయరు. ఇతర సంస్థలు సిద్ధం చేసి ఇచ్చే సాఫ్ట్‌వేర్ పొట్లాలను తమ యాప్‌లో కలుపుకుంటారు. వాటిని ఎస్‌డీకేలు అంటారు. ప్రకటనలు చూపే పొట్లం ఒకటి, వినియోగం లెక్కించే పొట్లం ఒకటి, స్థానాన్ని సేకరించే పొట్లం మరొకటి. కలుపుకున్నందుకు కొందరు యాప్ యజమానులకు డబ్బు ముడుతుంది. ఖిబ్లా చూపడానికి మీరు స్థానానికి అనుమతి ఇస్తారు. ఆ అనుమతి యాప్‌తో పాటు దాని కడుపులో ఉన్న పొట్లాలన్నిటికీ వర్తిస్తుంది. అందులో మీ పేరు ఉండనక్కరలేదు. రాత్రంతా ఒకే ఇంట్లో, శుక్రవారం మధ్యాహ్నం ఒకే మస్జిదులో, పగలు ఒకే దుకాణంలో ఉండే ఫోను ఎవరిదో తెలుసుకోవడానికి పేరు అవసరమా?

2020 డిసెంబరులో గూగుల్, ఆపిల్ సంస్థలు ఎక్స్‌మోడ్ పొట్లాన్ని తమ యాప్‌ల నుంచి తొలగించాలని ఆదేశించాయి. 2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ సంస్థపై, దాని వారసురాలైన ఔట్‌లాజిక్‌పై చర్య తీసుకుని, సున్నితమైన స్థాన సమాచారాన్ని అమ్మరాదని ఆంక్ష విధించింది. ఆసుపత్రులతో పాటు ప్రార్థనా స్థలాలకు వెళ్ళేవారి జాడ కూడా ఇందువల్ల బయటపడుతుందని కమిషన్ పేర్కొన్నది. కథనం వచ్చిన తరువాత ఈ ఉత్తర్వు రావడానికి మూడేళ్ళకు పైగా పట్టింది.

ఇక్కడ కొందరు మిత్రులు ఒక పరిష్కారం సూచిస్తారు: ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేర్ వాడితే చాలునని. ఈ మాటలో సత్యమున్నది, అసంపూర్ణతా ఉన్నది. మనలో అత్యధికుల ఫోన్లలో ఉన్న ఆండ్రాయిడ్ మూలరూపం ఓపెన్ సోర్సే. దాని కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు. కాని మనం దుకాణంలో కొనే ఫోనులో ఆ మూలరూపం మీద గూగుల్ ప్లే సర్వీసెస్ అనే మూసిన పొర ఉంటుంది. దాని మీద ఫోను తయారీదారు వేసిన మరో పొర ఉంటుంది. పునాది అందరికీ కనిపిస్తుంది, పై అంతస్తులకు తాళం వేసి ఉంటుంది. 2021లో డబ్లిన్ ట్రినిటీ కళాశాల, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు శాంసంగ్, షావోమీ, హువావే, రియల్‌మీ ఫోన్లను పరీక్షించారు. ఎవరూ వాడకుండా పక్కన పెట్టినప్పుడు కూడా అవి తయారీదారులకు, గూగుల్ వంటి ఇతరులకు గణనీయమైన సమాచారం పంపుతున్నాయని తేల్చారు. అదే ఆండ్రాయిడ్ మూలరూపం నుంచి పుట్టిన /ఇ/ఓఎస్ మాత్రం ఇందుకు మినహాయింపుగా నిలిచింది.

దీని నుంచి గ్రహించవలసినది ఒకటున్నది. కోడ్ తెరిచి ఉండటం వల్ల గోప్యత దానంతట అది రాదు. పరిశీలించే అవకాశం మాత్రమే వస్తుంది. పరిశీలించే కళ్ళు ఉంటేనే ఆ అవకాశం ఫలిస్తుంది. ముస్లిం ప్రో విషయం కూడా ఎవరో కూర్చుని, ఆ యాప్ ఎక్కడికి ఏమి పంపుతున్నదో ఓపికగా గమనించినందువల్లనే బయటపడింది. మన యువకులు వేలాదిగా సాఫ్ట్‌వేర్ చదువులు చదువుతున్నారు. వారిలో పదిమంది ఈ పనికి పూనుకుంటే, అది సమాజానికి చేసే గొప్ప సేవ.

"నా దగ్గర దాచడానికేముంది, చూస్తే చూడనీ" అనే మాట మన ఇళ్ళలో తరచు వినిపిస్తుంది. దీనికి రెండు సమాధానాలు చెబుతాను.

మొదటిది: మీ ఫోనులో ఉన్నది మీ ఒక్కరి జీవితం కాదు. అందులో మీ అక్కచెల్లెళ్ళ నెంబర్లున్నాయి, పిల్లల ఫోటోలున్నాయి, జకాతు కోరి వచ్చిన వితంతువు చిరునామా ఉన్నది. ఇవన్నీ మీ వద్ద ఉన్న అమానతులు. అమానతును యజమాని అనుమతి లేకుండా మరొకరికి అప్పగించే అధికారం మనకు లేదు. 2021 జూలైలో సుల్లీ డీల్స్ పేరిట, 2022 జనవరి 1న బుల్లీ బాయి పేరిట ముస్లిం మహిళల ఫోటోలను వేలం సరుకుగా పెట్టిన దుర్మార్గం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఫోటోలు దొంగిలించినవి కావు. ఆ మహిళలు సామాజిక మాధ్యమాలలో స్వయంగా పెట్టుకున్నవే. ఆ యాప్‌లను నిలిపిన గిట్‌హబ్ కూడా ఓపెన్ సోర్సు రచయితలు నిత్యం వాడే వేదికే. బయట ఉన్న ప్రతి ముక్కా ఒకనాడు మనపై ఆయుధం కాగలదు. అయితే నేరం పెట్టుకున్నవారిది కాదు, వేలం వేసినవారిది. కనుక మన ఆడపిల్లలను ఫోను వదిలి మూల కూర్చోమనడం దీనికి సమాధానం కాజాలదు.

రెండవది: గోప్యత తప్పు చేసినవారి ముసుగు కాదు, గౌరవంగా బ్రతికే ప్రతివారి హక్కు. సూరె నూర్‌లో అనుమతి లేనిదే పరుల ఇంట ప్రవేశించరాదన్న ఆదేశమున్నది. సూరె హుజురాత్‌లో ఒకరి గుట్టును కూపీ లాగడంపై నిషేధమున్నది. ఖలీఫా ఉమర్ (రజి) ఒక రాత్రి గోడ దూకి ఒక ఇంట్లో పాపకార్యాన్ని పట్టుకోగా, మీరు కూపీ తీశారు, ద్వారం విడిచి వచ్చారు, అనుమతి కోరలేదు అని ఆ ఇంటి మనిషి నిలదీశాడని, ఖలీఫా వెనుదిరిగారని ఒక కథనం ప్రసిద్ధం. పాలకుడి కన్నుకు సైతం హద్దు ఉండాలన్నదే అందులోని నీతి. మన రాజ్యాంగమూ అదే మాట చెబుతున్నది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది.

కాని హక్కు కాగితంపై ఉండటం వేరు, వీధిలో దక్కడం వేరు. 2021లో హైదరాబాదు పాతబస్తీలో పోలీసులు మాస్కు తీయించి తన ఫోటో తీశారంటూ ఒక సామాజిక కార్యకర్త ముఖ గుర్తింపు విధానంపై తెలంగాణ హైకోర్టును ఆశ్రయించారు. అదే ఏడాది నగర వీధుల్లో యువకులను ఆపి ఫోన్లలోని సందేశాలు వెదికిన దృశ్యాలను దేశమంతా చూసింది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. అందులో సంస్థలపై బాధ్యతలున్నాయి. కాని కేంద్రం తాను నోటిఫై చేసిన ప్రభుత్వ విభాగాలకు చట్టం నుంచి మినహాయింపు ఇచ్చుకోవచ్చునన్న సెక్షన్ 17 కూడా ఉన్నది. ఆ మినహాయింపును కుదించాలని కోరడం మన హక్కుల ఉద్యమాలలో భాగం కావాలి.

ఇక మన ఇంటి పని. ఇందులో ఖర్చులేని మార్గాలు ఎన్నో ఉన్నాయి.

నమాజు వేళలు సూర్యగమనాన్ని బట్టి లెక్కించేవి. దానికి ఊరి పేరు చాలు. ఒక నగరపు ఈ కొస నుంచి ఆ కొసకు తేడా ఇంచుమించు ఒక నిమిషమే. కనుక స్థాన అనుమతి నిరాకరించి, ఊరి పేరు మీరే ఎంచుకోండి. హైదరాబాదు నుంచి ఖిబ్లా పడమటికి కాస్త ఉత్తరంగా ఉంటుంది. అది రోజూ మారదు. తప్పనిసరైన చోట ఖచ్చితమైన స్థానానికి బదులు సుమారు స్థానం మాత్రమే ఇవ్వండి. ఫోను సెట్టింగులలో ప్రకటనల గుర్తింపు సంఖ్యను తొలగించండి. వాడని యాప్‌లను తీసివేయండి. 2010 నుంచి నడుస్తున్న ఎఫ్‌డ్రాయిడ్ అనే భాండారంలో ఓపెన్ సోర్సు యాప్‌లు మాత్రమే దొరుకుతాయి. మీ అవసరాలకు తగినవి అక్కడ వెదకండి. ఓపెన్ సోర్సు సందేశ యాప్ అయిన సిగ్నల్‌ను 2016లో అమెరికా న్యాయస్థాన ప్రక్రియలో ఒక ఖాతా వివరాలు అడిగినప్పుడు, ఖాతా తెరిచిన వేళ, చివరిసారి వాడిన దినం తప్ప ఇవ్వడానికి వారి వద్ద ఏమీ లేకపోయింది. సమాచారాన్ని పోగుచేయకపోవడమే అన్నిటికన్నా గట్టి తాళం.

మస్జిదు కమిటీల పెద్దలకు, సేవాసంస్థల బాధ్యులకు ఒక విన్నపం. జకాతు, రేషన్ కిట్లు తీసుకున్న పేదల ఫోటోలను, ఆధార్ ప్రతులను వాట్సాప్ గ్రూపులలో పెట్టకండి. ఉచిత ఫారాలలో వారి వివరాలు నింపకండి. ఇచ్చే చేయి లెక్క చూపాలి, నిజమే. ఆ లెక్క పుస్తకంలో రాసుకుంటే చాలు. సంస్థలు మన గోప్యతను అమ్ముతున్నాయని నిందించే ముందు, మనమే మన పేదల గోప్యతను పంచిపెట్టకుండా ఉందాం.

చివరిగా ఒక మాట. గోప్యతను కాపాడే ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌లలో పేరుపొందిన గ్రాఫీన్ఓఎస్ వేయాలంటే గూగుల్ పిక్సెల్ వంటి ఖరీదైన ఫోను కావాలి. రోజుకూలీ చేసే సోదరుడు అది కొనలేడు. అతని చేతికి వచ్చేది అనవసరపు యాప్‌లతో నిండిన చవక ఫోనే. అతను గోప్యతను ఉచిత సేవకు మారకం వేశాడనడం న్యాయం కాదు. అతనికి మరో బేరం ఎవరూ చూపలేదు. అందుకే ఇది ఒక్కొక్కరి జాగ్రత్తతో ముగిసే విషయం కాదు. ధనికునికి డబ్బుతో దొరికే గోప్యత పేదవానికి చట్టంతో దొరకాలి. అందుకోసం అడుగుదాం, రాద్దాం, అవసరమైతే న్యాయస్థానాల తలుపు తడదాం. ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక మాత్రం, అమ్మ ఫోను తీసుకుని ఏ యాప్‌కు ఏ అనుమతి ఉన్నదో ఆమెకు చూపించండి. పని అక్కడి నుంచి మొదలుపెడదాం.

అల్లాహ్ మనందరి అమానతులను కాపాడుగాక. అస్సలాము అలైకుమ్.