ఊలుకు ధర ఉంది, మరి చేతికి?



మధ్యాహ్నం భోజనాలయ్యాయి, గిన్నెలు బోర్లించారు, ఇప్పుడే కాస్త నడుం వాల్చి ఉంటారు. మీలో కొందరి చేతుల్లో అల్లిక సూదులు కూడా ఉండే ఉంటాయి. ఆపకండి. అల్లుకుంటూనే వినండి. మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. బీరువా పైఅరలో, కలరా ఉండల మధ్య, మీ చేత్తో అల్లిన స్వెట్టరు ఒకటైనా ఉంటుంది కదా! దాని ఖరీదెంత? "మూడువందల ఊలు పట్టిందండీ" అంటారు. నేనడిగింది ఊలు ఖరీదు కాదు. స్వెట్టరు ఖరీదు.

ఈ ప్రశ్న నాకు పుట్టింది కాదు. మెదక్ జిల్లా ఎల్దుర్తిలో ఒక చిన్న దుకాణం అరుగు మీద పుట్టింది. ఆ సంగతే ఇవాళ మీకు చెబుతాను.

మావారి ఉద్యోగం మూలంగా కొన్నాళ్లు ఎల్దుర్తిలో కాపురం ఉన్నాం. పట్నం నుంచి వెళ్లిన నాకు మొదట్లో పొద్దు గడిచేది కాదు. మా సందు చివర ఒక గాజుల దుకాణం ఉండేది. గాజులు, రిబ్బన్లు, చీరల ఫాల్సులు, గుండీలు, దారపు రీళ్లు అన్నీ ఉండేవి. వెనక అరలో మాత్రం రంగురంగుల ఊలు ఉండలు. దుకాణం నడిపే ఆవిడను అందరూ వదినా అనే పిలిచేవారు. రెండు గంటల నుంచి పిల్లలు బడి నుంచి వచ్చే వేళ దాకా ఆ అరుగు మీద ఏడెనిమిది మంది ఆడవాళ్లం చేరేవాళ్లం. ఎవరి సంచీ వారిది, ఎవరి అల్లిక వారిది.

అల్లిక ఎలాంటిదంటే, చేతులకు పని ఉంటుంది, నోటికి సెలవు ఉంటుంది. మనసులో మాట చెప్పడానికి అంతకన్న అనువైన చోటు ఇంకొకటి ఉండదు. ఎదుటి మనిషి ముఖంలోకి చూడకుండా, కుట్లు లెక్కపెట్టుకుంటూ ఏ కష్టమైనా చెప్పుకోవచ్చు. కొత్తగా కాపురానికి వచ్చిన ఒక అమ్మాయి ఇంట్లో పెదవి విప్పేది కాదట. "వదినా, గీ కుట్టు జారిపోయింది, జర చూడరాదే" అంటూ అరుగెక్కింది. క్రోషియా సూదితో జారిన కుట్టును పైకి లాగడం నేర్పారు. నెల తిరగకుండా ఆ పిల్ల నవ్వులు సందు మొదట్లోకి వినిపించేవి.

అక్కడ నేర్చుకున్న నాలుగు మాటలు మీకూ పనికొస్తాయి. ఊలు కొనేటప్పుడు కావలసినదంతా ఒకేసారి కొనండి, చీటీ మీద లాట్ నంబరు ఒకటేనా అని చూడండి. రంగు ఒకటే అనిపించినా, లాటు మారితే చేతి దగ్గర ఒక ఛాయ, వీపు దగ్గర ఒక ఛాయ వస్తుంది. ఐదేళ్ల పిల్లవాడి స్వెట్టరుకు దాదాపు పావు కిలో ఊలు పడుతుంది. అంచులకు 12 నంబరు సూదులు, ఒంటికి 10 నంబరు సూదులు వాడితే అంచు బిగువుగా నిలుస్తుంది. కుట్లు ఎక్కించే ముందు నాలుగంగుళాల ముక్క ఒకటి అల్లి, అంగుళానికి ఎన్ని కుట్లు వస్తున్నాయో చూసుకోండి. నా చేయి బిగువు, మీ చేయి వదులు కావచ్చు. పుస్తకంలోని లెక్క అందరి చేతికీ సరిపోదు. యాక్రిలిక్ ఊలు మీద వేడి ఇస్త్రీపెట్టె పెట్టకండి, అల్లిక చదునై సాగిపోతుంది. అసలు ఊలైతే వేడినీళ్లలో ముంచకండి, కుంచించుకుపోతుంది. ఏదైనా సరే తీగ మీద వేలాడదీయకుండా, తుండు పరిచి దాని మీద ఆరబెట్టండి. పిల్లవాడికి పొట్టయిపోయిన స్వెట్టరును విప్పి, పోగును చిలపగా చుట్టి, తడిపి ఆరవేస్తే ముడతలు పోతాయి. దాంతో చిన్నదానికి టోపీ, మేజోళ్లు వస్తాయి.

ఆ అరుగు మీదికి ఒక అవ్వ వచ్చేది. కురుమవారి ఇంటి మనిషి. మా యాక్రిలిక్ ఉండలను వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇది ఊలేంది బిడ్డా, దీనికి గొర్రె మొఖం తెల్సా?" అని నవ్వేది. ఆ నవ్వు వెనక పెద్ద కథే ఉంది. మెదక్ ప్రాంతమంతా నల్లని దక్కనీ గొర్రెల సీమ. ఏడాదికి రెండుమార్లు వాటి ఉన్ని కత్తిరించేవారు. ఆడవాళ్లు దాన్ని ఏకి రాట్నం మీద వడికేవారు. మగవాళ్లు గుంట మగ్గం మీద గొంగడి నేసేవారు. పడుగు పోగు గట్టిపడటానికి చింతగింజల గంజి పట్టించేవారు. వాననూ చలినీ ఆపే ఆ గొంగడి ఒక తరం వాడినా చిరిగేది కాదు. తరవాత చవక రగ్గులు వచ్చాయి. మాంసం కోసం ఉన్ని లేని గొర్రెలు వచ్చాయి. ఉన్నికి గిరాకీ పోయింది. చివరకు, కత్తిరించినవాడికి మనమే ఎదురు డబ్బిచ్చి, ఆ ఉన్నిని పారబోసే రోజులొచ్చాయి. "నేను వడికిన పోగుకు నాకెవ్వరు పైస ఇయ్యలే బిడ్డా. గొంగడి అమ్మినంక పైసలు మీ తాత జేబులకు పోయినయి. నేనూ అడగలే" అన్నది అవ్వ ఒకనాడు. మేమంతా నవ్వాం. ఆనాడు ఆ మాట మాకు తగలలేదు.

2024 చలికాలం ముందు పట్నం నుంచి ఒక వ్యాపారి దుకాణానికి వచ్చాడు. మా అల్లికలు చూసి మెచ్చుకున్నాడు. ఊలు తానే ఇస్తానన్నాడు. పిల్లల స్వెట్టరు ఒక్కింటికి 150 రూపాయలు చేతిలో పెడతానన్నాడు. "మీరు ఎట్లాగూ తీరికగా కూర్చుంటరు కదమ్మా, ఊరికే కూర్చునే బదులు నాలుగు పైసలు వస్తయి" అన్నాడు. మాకెంత సంతోషమో చెప్పలేను! ఏనాడూ తన పేరున రూపాయి చూడని ఆడవాళ్లు ఉన్నారు మాలో. ఆ నెలంతా అరుగు మీద మాటలు తగ్గాయి. రాత్రి పిల్లలు పడుకున్నాక దీపం కింద కూడా అల్లాం. మెడలు పట్టేశాయి, వేళ్లు కాయలు కాశాయి. నెలాఖరుకు తలా రెండు స్వెట్టర్లు అప్పగించి మూడేసి వందలు అందుకున్నాం.

వదినగారి కూతురు పదో తరగతి. ఆ సాయంత్రం లెక్కల పుస్తకం ముందు వేసుకొని కూర్చున్న పిల్ల, "అమ్మా, ఒక్క స్వెట్టరుకు ఎన్ని గంటలు పట్టింది?" అని అడిగింది. రోజుకు రెండు గంటల చొప్పున పన్నెండు, పదమూడు రోజులు. అంటే పాతిక గంటలు. పిల్ల భాగించింది. గంటకు ఆరు రూపాయలు! ఎనిమిది గంటలు పనిచేస్తే 48. ఆ ఏడు, అంటే 2024-25లో, తెలంగాణలో ఉపాధి హామీ పనికి ప్రభుత్వం ప్రకటించిన కూలి రోజుకు 300 రూపాయలు. ఎండలో మట్టి తవ్వే అక్కచెల్లెళ్లకు ఆ కూలి దక్కవలసిందే, అందులో అనుమానం లేదు. కానీ నేర్పు కావలసిన పనికి, కళ్లు నొప్పెట్టే పనికి, అందులో ఆరోవంతు కూడా రాలేదు. అరుగు మీద కాసేపు ఎవ్వరం మాట్లాడలేదు. మెల్లగా అవ్వ గొంతు వినిపించింది: "నాకు గప్పుడు లెక్క జెప్పే పిల్ల లేకుండె."

ఇంటికి వెళ్లి ఆలోచిస్తే నాకు నరసాపురం గుర్తుకొచ్చింది. ఎల్దుర్తికి దగ్గరలోనే ఒక నర్సాపూర్ ఉంది, అది కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలో, గోదావరి ఒడ్డున ఉన్న నరసాపురం. 19వ శతాబ్దం నడుమ అక్కడ క్రైస్తవ మిషనరీలు ఆడవాళ్లకు క్రోషియా లేసు నేర్పారు. సన్నని సూది, నూలు దారం, అంతే పెట్టుబడి. ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరు అంచులు, మరొకరిది అతుకు పని. ఆ లేసు ఓడలెక్కి దేశదేశాల భోజనబల్లల మీదికి చేరింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర ఆ ఊళ్లకు వచ్చి ఆ స్త్రీల మధ్య పరిశోధన చేసింది. 1982లో ఆమె పుస్తకం వెలువడింది. దాని పేరులోనే "గృహిణులు" అన్న మాట ఉంది. ఇంటి చాకిరీ అంతా చేసుకొని, ఆ పైన రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లేవారట. రోజంతా అల్లినా చేతికి వచ్చేది రూపాయి లోపే! ఎందుకంత తక్కువ? వాళ్లను పనివాళ్లని ఎవరూ అనుకోలేదు. ఇంట్లో కూర్చున్న ఆడవాళ్లు తీరిక వేళ ఏదో అల్లుకుంటున్నారు అనుకున్నారు. బాధ ఏమిటంటే, వాళ్లూ అలాగే అనుకున్నారు. దారం ఇచ్చినవారు, సరుకు అమ్మినవారు మాత్రం వ్యాపారులయ్యారు.

చూశారా? "తీరిక" అన్న ఒక్క మాట ఎంత పని చేసిందో! నిజానికి మనకు తీరిక ఎక్కడిది? 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా, ఎవరు ఏ పనికి ఎంత సమయం వెచ్చిస్తున్నారో సర్వే చేయించింది. ఇంటిపని చేసే స్త్రీలు ఆ ఏడు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు పెట్టారు. అదే పని చేసే మగవారు పెట్టింది 97 నిమిషాలు. ఆ ఐదు గంటలు పోగా మిగిలిన కాస్త వేళనే మనం తీరిక అంటున్నాం. దాన్ని కూడా గంటకు ఆరు రూపాయలకు అమ్ముకున్నాం.

ఇంట్లో కూర్చొని చేసే పని కూడా పనే అని లోకం ఆలస్యంగానైనా ఒప్పుకుంది. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి దగ్గర పనిచేసేవారి కోసమే ఒక ఒడంబడిక చేసింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక ఆ పేరు ఎవరుపడితే వాళ్లు వాడుకోవడానికి వీల్లేదు. మంచిదే. పేరుకు రక్షణ వచ్చినట్టే, అల్లిన చేతికి కూడా తగిన కూలి దక్కితే అప్పుడు మనకు నిజమైన సంతోషం.

మరి ఎల్దుర్తి అరుగు ఏం చేసింది? వ్యాపారి మళ్లీ వచ్చినప్పుడు వదిన లెక్క కాగితం ముందు పెట్టింది. "అన్నా, ఒక్క స్వెట్టరుకు ఐదువందలు ఇయ్యి. లేకుంటే మాతోని కాదు" అన్నది. ఆయన నవ్వి, సరే ఆలోచిస్తానని వెళ్లాడు. మళ్లీ రాలేదు. దాంతో అరుగు మీద తగువు కూడా అయింది. భర్త పోయి, ఇద్దరు పిల్లలతో ఉన్న ఒక చెల్లెలు, "మీకు లెక్కలు బాగనే ఉన్నయి. నాకు గా మూడువందలు ఫీజుకు పనికొచ్చినయి" అని కంటనీరు పెట్టుకుంది. ఆ మాటకు మాలో ఒక్కరి దగ్గరా జవాబు లేదు. అవసరం ఉన్నవాళ్లను తక్కువ ధరకు ఒప్పుకోవద్దని చెప్పడం మిగతావాళ్లకు తేలిక.

అందుకని మాటలతో ఆపకుండా ఒక పని చేశాం. దుకాణంలో ఒక నోటు పుస్తకం పెట్టాం. ఊళ్లో ఎవరికి స్వెట్టరు, టోపీ, పసిపిల్లల జత కావాలన్నా ఆ పుస్తకంలో రాయాలి. ఊలు ధర ఒక గడిలో, గంటలు ఒక గడిలో, కూలి ఇంకొక గడిలో. గంటకు ఇరవై రూపాయల లెక్కన మొదలుపెట్టాం. అదీ తక్కువేనని తెలుసు. వచ్చిన ఆర్డర్లు ముందు ఆ చెల్లెలికే ఇవ్వాలని అనుకున్నాం. ఆ చలికాలం ఆమె ఏడు స్వెట్టర్లు అల్లింది. "అంగట్ల మూడువందలకే దొరుకుతది" అని మొహం తిప్పుకొని పోయినవాళ్లూ ఉన్నారు. పోనివ్వండి. మిషను అల్లిక ధర మిషనుది, చేతి అల్లిక ధర చేతిది.

మరి చుట్టాలకు, బిడ్డలకు ఊరికే అల్లివ్వకూడదా అని మీరడగవచ్చు. అయ్యో, ఎందుకివ్వకూడదు? మనుమడు కడుపులో ఉండగానే నాయనమ్మ ఎక్కించే కుట్లకు ఎవరు ధర కట్టగలరు? అది కానుక. అయితే కానుక ఇచ్చేవాళ్లకు తామేం ఇస్తున్నారో తెలిసి ఉండాలి. పుచ్చుకునేవాళ్లకూ తెలియాలి. మా అరుగు మీది పుస్తకంలో కానుకలు కూడా రాసేవాళ్లం. ఊలు ఇంత, గంటలు ఇన్ని. కూలి గడిలో మాత్రం "ప్రేమ" అని రాసి వదిలేసేవాళ్లం. ఒకావిడ ఆ పేజీ తీసి భర్తకు చూపించిందట. అరవై గంటలు పట్టిన తన స్వెట్టరును ఆయన ఆనాటి నుంచి కుర్చీ మీద విసిరేయడం మానేశాడట!

మళ్లీ బదిలీ అయి పట్నం వచ్చేశాం. వచ్చే ముందురోజు అవ్వ నా చేతిలో ఒక చిన్న నల్ల ఉన్ని ఉండ పెట్టింది. పాత రాట్నం మీద తానే వడికిందట. గరుకుగా ఉంటుంది, గొర్రె వాసన వేస్తుంది. "ఎంతియ్యను అవ్వా?" అని అడిగాను. అరుగంతా నవ్వింది. అవ్వ మాత్రం నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "ఇరువై రూపాలియ్యి. ఒక గంట పట్టింది" అన్నది. ఇచ్చాను. ఎనభై ఏళ్లకు తన పోగుకు తాను చెప్పి పుచ్చుకున్న మొదటి ధర అది.

ఈ రాత్రి మీరు కూడా ఒక పాత నోటు పుస్తకం వెతికి తీయండి. అల్లికే కానక్కర లేదు. పక్కింటివారి జాకెట్టు కావచ్చు, బంధువుల పెళ్లికి పెట్టిచ్చిన పచ్చడి కావచ్చు. సరుకు ఒక గడి, గంటలు ఒక గడి, కూలి ఒక గడి. మూడో గడిలో డబ్బు రాయాలా, ప్రేమ అని రాయాలా అన్నది మీ ఇష్టం. ఖాళీగా మాత్రం వదిలేయకండి.