ఖిబ్లా ఒకటే, జమాఅత్ కూడా ఒకటే కావాలి
(యాడికిలో చేసిన ప్రసంగ పాఠం)



ఖిబ్లా ఎటు అని మన ప్రాంతంలో ఎవరిని అడిగినా పడమర అనే సమాధానమే వస్తుంది. సూర్యాస్తమయాన్ని ఆనవాలుగా పెట్టుకొని చాలా ఊళ్లలో మన పూర్వీకులు మసీదులు కట్టుకున్నారు. నేడు యువకులు ఫోనులో చూసి, మిహ్రాబు కొంత పక్కకు ఉందంటున్నారు. పెద్దలు నొచ్చుకుంటున్నారు. ఈ తేడా ఒకే జమాఅత్‌ను రెండుగా చీల్చే ప్రమాదం ఉంది. కనుక ధర్మాన్నీ లెక్కనూ పక్కపక్కన పెట్టి పరిశీలిద్దాం.

హిజ్రీ 2వ సంవత్సరం వరకు ప్రవక్త (స), ఆయన సహచరులు మదీనాలో బైతుల్ మఖ్దిస్ వైపు తిరిగి నమాజు చేశారు. ఆ తరువాత కాబా వైపు తిరగవలసిందిగా ఆజ్ఞ వచ్చింది. మనం తిరిగేది పడమర దిక్కుకు కాదు, కాబాకు. రాయలసీమ నుంచి కువైట్‌కు పనికి వెళ్లిన మనవాళ్లు అక్కడ నైరుతికి తిరుగుతారు. అమెరికాలోని న్యూయార్క్‌లో ఉన్నవారు ఈశాన్యానికి తిరుగుతారు.

యాడికి నుంచి మక్కా సుమారు 4,000 కిలోమీటర్లు. భూగోళంపై అతి దగ్గరి దారిని లెక్కిస్తే మన ఖిబ్లా సరిగ్గా పడమర కాదు. పడమర నుంచి ఉత్తరానికి దాదాపు 16 డిగ్రీలు జరిగి ఉంటుంది. సూర్యుడు కూడా ఏడాది పొడవునా ఒకేచోట అస్తమించడు. మే మొదటి రోజుల్లోనూ ఆగస్టు రెండో వారంలోనూ మనకు దాదాపు ఖిబ్లా వైపే అస్తమిస్తాడు. డిసెంబరులో బాగా దక్షిణానికి జరుగుతాడు. ఏ నెల సూర్యాస్తమయాన్ని చూసి పునాది గీశారన్న దాన్నిబట్టి గోడ దిశ మారుతుంది. ఇందులో పూర్వీకుల భక్తికి లోటేమీ లేదు.

దిక్సూచి లేకుండానే సరిచూసుకొనే మార్గం ఒకటుంది. ఏటా మే 28, జూలై 16 తేదీల ప్రాంతంలో సూర్యుడు కాబాకు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మన గడియారంలో అది మే నెలలో మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలు, జూలైలో 2 గంటల 57 నిమిషాలు. ఆ క్షణాన తాడుకు రాయి కట్టి వేలాడదీయండి. నేలపై పడిన తాడు నీడను గీతగా గీయండి. ఆ గీత వెంట సూర్యుడున్న వైపే ఖిబ్లా. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా తేడా స్వల్పమే. ఫోనును మాత్రం ఇనుప కమ్ములున్న స్తంభం పక్కనో, మోటారు సైకిల్ మీదనో పెట్టి చూడకండి. ముల్లు తప్పుదారి పడుతుంది.

మరి పాత మసీదుల సంగతేమిటి? కాబా కంటికి కనిపించేవారు నేరుగా దానివైపే తిరగాలి. దూరాన ఉన్నవారికి ఆ దిశ చాలునని ఎందరో పండితులు చెప్పారు. ఇరువైపులా 45 డిగ్రీల లోపు తేడా ఉన్నా నమాజు చెల్లుతుందని హనఫీ పండితులు చెబుతారు. కాబట్టి పదహారు డిగ్రీల తేడా కోసం గోడలు పడగొట్టనక్కరలేదు, తాతల నమాజులను శంకించనక్కరలేదు. వీలుంటే ఇమాం, కమిటీ, యువకులు కలిసి కొలిచి, తివాచీల వరుసలు సర్దుకోవచ్చు. నేలపై పరచిన తాడిపత్రి బండల అతుకులే సఫ్‌లకు గీతలు కావాలన్న నియమం లేదు.

కొత్తగా మసీదుకో ఈద్గాకో స్థలం తీసుకునేటప్పుడు మాత్రం ముందే కొలవాలి. రోడ్డు వెంబడి కొన్న ఇరుకు స్థలంలో కట్టడాన్ని ఖిబ్లాకు తిప్పితే మూలలు వృథా అవుతాయి. కూలి చేసి, వేరుశనగ అమ్మి ఇచ్చిన చందా అది. ఖబరస్తాన్‌కు స్థలం కోరేటప్పుడు కూడా ఈ లెక్క కావాలి. సమాధి తల ఉత్తరాన, కొంచెం తూర్పుకు జరిగి ఉంటేనే ముఖం ఖిబ్లా వైపు ఉంటుంది. ఈ కొలతలతో నక్షా గీయించి అర్జీకి జతచేస్తే, మన అవసరమేమిటో అధికారికి కాగితం మీదే కనిపిస్తుంది. హక్కు అడిగేవాడి చేతిలో లెక్క ఉండాలి.

తూర్పు పడమరలకు ముఖం తిప్పడంతోనే పుణ్యం పూర్తికాదని దివ్య ఖుర్ఆన్ బఖరా అధ్యాయంలో బోధిస్తుంది. విశ్వాసం, అనాథలకూ పేదలకూ సొమ్ము పంచడం, ఇచ్చిన మాట నిలుపుకోవడం అక్కడ కలిపి చెప్పబడ్డాయి. దిశను సరిచేసుకోవడానికి ఒక మధ్యాహ్నం, ఒక తాడు చాలు. చీలిన జమాఅత్‌ను కలపడానికి మాత్రం ఒక తరం పట్టవచ్చు. అల్లాహ్ మన ముఖాలతో పాటు మన హృదయాలనూ ఒకే దిశకు మళ్లించుగాక. ఆమీన్.