పూసల చట్రం – రెండు భాషల లెక్క



చైనావారు స్వాన్‌పాన్ అనీ, జపానువారు సొరొబాన్ అనీ పిలుచుకొనే పూసల చట్రం నేడు మన నగరాలలో అబాకస్ అన్న పేరుతో ప్రసిద్ధమైనది. శిక్షణకేంద్రాలకు బిడ్డలను పంపే తల్లిదండ్రులు సాధారణంగా కోరేది వేగం. పరభాషా ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి మాత్రం ఈ చట్రం వేగానికి ముందే మరొక మేలు చేయగలదు.

సొరొబాన్‌లో నిలువు కడ్డీలు వరుసగా ఉంటాయి. ఒక అడ్డుపట్టీ ప్రతి కడ్డీని రెండుగా విభజిస్తుంది. పైన ఉన్న ఒక్క పూస విలువ ఐదు. కింద ఉన్న నాలుగు పూసలలో ఒక్కొక్కటి ఒకటి. పట్టీకి చేర్చిన పూసలే లెక్కకు వస్తాయి. ఒకట్ల కడ్డీకి ఎడమన పదులది, ఆపైన వందలది. పాత చైనా చట్రంలో పైన రెండు పూసలు, కింద ఐదు ఉండేవి. ఒక్క కడ్డీపైనే 15 వరకు నిలిచేది. ఒక జిన్ బరువుకు 16 లియాంగులు లెక్కించే తూకాలకు ఆ ఏర్పాటు అనువైనది. 1957 వరకు రూపాయికి పదహారణాలు లెక్కించిన దేశంలో ఇది వింతగా తోచదు. అణాలు పోయినా ‘పదహారణాల తెలుగు’ అన్న మాట ఇంకా పోలేదు!

ఇక భాష సంగతి. తెలుగులో ‘ఇరవై ఐదు’ అన్నప్పుడు పదులు ముందు పలుకుతాయి, ఒకట్లు తరువాత. కన్నడంలో ‘ఇప్పత్తైదు’, తమిళంలో ‘ఇరుపత్తైందు’ కూడా అదే క్రమం. మరాఠీలో ‘పంచవీస్’ అనీ, ఒడియాలో ‘పచిశ’ అనీ అంటే ఐదు ముందుకు వస్తుంది. మహారాష్ట్రలోనో ఒడిశాలోనో చదివే తెలుగు బిడ్డ ఇంట ఒక క్రమంలో విన్న సంఖ్యను బడిలో తలకిందులుగా వింటాడు. 25 అని చెప్పినప్పుడు 52 అని రాసిన బిడ్డను మందమతిగా ఎంచడం అన్యాయం. వాడు విన్నది విన్నట్లే రాశాడు. చట్రంపై ఈ తికమకకు చోటు లేదు. పదుల కడ్డీపై రెండు పూసలు, ఒకట్ల కడ్డీపై ఐదు విలువైన పూస. ఏ భాషలో చదివినా చేతికి తగిలేది అదే.

‘రెండు వందల ఐదు’ను 2005 అని రాసే బిడ్డలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. మాటలో సున్న వినిపించదు. చట్రంపై పదుల కడ్డీ ఖాళీగా కంటికి కనిపిస్తుంది.

కూడికలో ఇంకొక సొగసు ఉన్నది. ఎనిమిదికి ఏడు కలపాలి. ఒకట్ల కడ్డీపై ఐదు పూస, దాని కింద మూడు పూసలు ఉన్నాయి. మరి ఏడింటికి చోటు లేదు. అప్పుడు పదుల కడ్డీపై ఒక పూస చేర్చి, ఒకట్లలోని మూడు పూసలు తీసివేస్తారు. మిగిలినది 15. ఏడు రూపాయల సరుకుకు పది రూపాయల నోటిచ్చి మూడు రూపాయల చిల్లర తీసుకోవడం వంటిదే ఇది. కిరాణా కొట్టుకు వెళ్లి వచ్చే పిల్లవాడికి వేరే వివరణ అక్కరలేదు.

వేగం అసత్యమేమీ కాదు. 1946 నవంబరు 12న టోక్యోలో కియోషి మత్సుజాకి అనే జపాను ఉద్యోగి సొరొబాన్‌తోనూ, థామస్ వుడ్ అనే అమెరికా సైనికుడు విద్యుత్ గణనయంత్రంతోనూ పోటీపడ్డారు. సొరొబాన్ 4–1 తేడాతో గెలిచింది. యంత్రం నెగ్గినది గుణకారంలో మాత్రమే. బాగా అభ్యసించినవారు చట్రం లేకుండానే మనసులో పూసలను కదిలిస్తారు, వేళ్లు గాలిలో ఆడుతుంటాయి. అయినా ఏ సంఖ్యను దేనికి కలపాలో, ఎందుకు కలపాలో చట్రం చెప్పదు. వేళ్ల వేగం ఒక్కటే నేర్పి, పదిని ఇచ్చి మూడు తీసిన కారణం బిడ్డచేత చెప్పించని శిక్షణకు రుసుము చెల్లించే ముందు ఆలోచించడం మంచిది.

మన ఎక్కాల చదువు చెవికీ నాలుకకూ పని చెప్పింది. చట్రం కంటికీ చేతికీ చెబుతుంది. ఒకటి వచ్చిందని రెండవదాన్ని మానవలసిన పని లేదు.

చట్రం కొననవసరమూ లేదు. నేలపై సుద్దతో మూడు నిలువు గళ్లు గీసి, చింతగింజలు పేర్చవచ్చు. ఒకట్ల గడిలో పది గింజలు కాగానే వాటిని తీసి, పదుల గడిలో ఒక్క గింజ పెట్టాలి. ఇంటిలోని అమ్మమ్మో తాతయ్యో సంఖ్యను తెలుగులో చెబితే, బిడ్డ గింజలు పేర్చి, దానినే బడి భాషలో తిరిగి చదవాలి. మరునాడు బిడ్డ బడి భాషలో చెప్పాలి, పెద్దలు పేర్చాలి.