పంచ నిలిచినచో ఇల్లు నిలుచును



గ్రంథాలయ రజతోత్సవమున ఇంటి పంచను గూర్చి ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. గ్రామములకు గ్రంథాలయములు రాకముందు పురాణము వినబడినది అరుగులపైననే, వార్తాపత్రిక చదువబడినది పంచలలోనే. అక్షరము వచ్చినవాడొకడు చదువగా పదుగురు కూర్చుండి వినుటకు ఆ నీడయే ఆధారము. కనుక శిథిలమైన పంచను తిరిగి నిలుపుట గ్రంథాలయ కార్యమునకు దూరమైనది కాదు.

ఇంటి వాకిటి వెలుపలి భాగమును అమరకోశము అలిందమన్నది. ఈ సీమవారు పంచ, వసారా, పడసాల అందురు. కోసిగి 1953 వరకు బళ్ళారి జిల్లాలో నుండి, ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు ఆదోని తాలూకాతో గూడ కర్నూలు జిల్లాలో చేరినది. అందుచే పడసాల వంటి మాటలు ఇచ్చట తెలుగు కన్నడములకు ఉమ్మడి సొత్తు.

పాత మిద్దెలలో ముందుగా చెడునది పంచయే. ఎండవానలను ఇంటికి ముందు నిలిచి అది భరించును. ఏటేటా వానలకు ముందు మిద్దెపై చౌడుమన్ను పరచనిచో నీరు దంతెలలోనికి దిగును. కంబము మొదట చెమ్మ చేరును. చెమ్మ వెంట చెదలు వచ్చును. కరవు సీమకు వాన భయమేమి యనరాదు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయమును ముంచిన సంగతి ఎల్లరెరిగినదే.

మరియొక చిక్కు గలదు. అన్నదమ్ములు గదులు పంచుకొందురు. పంచ మాత్రము ఉమ్మడిగా మిగులును. ఉమ్మడిది గనుక ఖర్చు పెట్టుటకు ఎవరును ముందుకు రారు. కప్పు కూలిన పిదప కంబములను కొయ్య ధరకు అమ్మి, ఆ చోట కాంక్రీటు వేయుదురు. మట్టిగోడకు సిమెంటు పూత పూసినచో లోపలి చెమ్మ వెలికి రాలేదు. గోడ పైకి నునుపుగా కనబడుచు లోలోపల మెత్తబడును. సున్నము అట్లు కాదు. అది గాలి తగిలి మెల్లగా గట్టిపడును, గోడలోని తడిని బయటికి పోనిచ్చును.

జీర్ణమైన కట్టడములను బాగుచేయు విధానము మయమతము వంటి శాస్త్రగ్రంథములలోను కలదు. గ్రామములో ఆచరింపదగిన క్రమమిది. మొదట దూలముల క్రింద ఊతకట్టెలు నిలిపి, కప్పుమీది మట్టిని దించి బరువు తగ్గింపవలెను. విప్పుటకు ముందే ప్రతి కంబమునకు, దూలమునకు, దంతెకు సంఖ్య వేసి, ఏది ఎచ్చట నుండెనో కాగితముపై వ్రాసికొనవలెను. దూలమంతయు చెడుట అరుదు. తరచుగా గోడలో దిగిన కొనయే పుచ్చును. ఆ కొనను కోసి అదే జాతి కొయ్యను అతుకవచ్చును. కంబము క్రింది రాతి దిమ్మె నేలకంటె ఎత్తుగా నుండవలెను. కొండల నడుమ నున్న కోసిగిలో రాతికి కొరత లేదు. సున్నమును నానబెట్టి, ఇసుకతో గానుగలో నూరి, బెల్లపు నీరును కరక్కాయ నీరును కలుపుట పూర్వుల పద్ధతి. నాపరాళ్ళను వీధివైపునకు కొంచెము వాలుగా పరచినచో నీరు నిలువదు.

ఈ పని ఆలస్యమగుననుట నిజమే. పని తెలిసిన వడ్రంగియు, సున్నపు మేస్త్రీయు దొరకుట కష్టమే. కాని పని లేకపోవుటచేతనే ఆ విద్య వారితో పోవుచున్నది. ఒక పంచ కట్టునపుడు ఇద్దరు పడుచువాండ్రు ప్రక్కనుండి నేర్చినచో అది మరొక తరమునకు దక్కును.

1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను అచ్చటి తన బంగళాలో పండితులకు జీతములిచ్చి తెలుగు గ్రంథములను పరిష్కరింపజేసెను. 1829లో వేమన పద్యములను అచ్చువేయించెను. ఆ బంగళా కాలక్రమమున మొండిగోడలుగా మిగిలెను. జానమద్ది హనుమచ్ఛాస్త్రి ప్రభృతుల పూనికతో 1990ల దశకమున ఆ స్థలముననే బ్రౌను పేరిట గ్రంథాలయము వెలసినది. స్థలము దక్కినది, పుస్తకములు చేరినవి. ఇల్లు మాత్రము తిరిగి రాలేదు.

గ్రామములలో ఇండ్లింకను నిలిచియున్నవి. తొలకరికి ముందు ప్రతి గృహస్థుడును ఒక్కసారి తన పంచలో నిలిచి, దూలము గోడలో దిగిన చోటు చూచుకొనవలెను. అన్నదమ్ములు ఉమ్మడిగా వేయు నాలుగు గంపల చౌడుమన్నే తాతలనాటి యింటికి రక్ష.