కంప్యూటరు కొలువునకు మరియొక దారి

ఇంజనీరింగు చదువని పిల్లలకు కంప్యూటరు పరిశ్రమలో చోటు కలదా యను ప్రశ్న నేడు కృష్ణా పశ్చిమ డెల్టా గ్రామములలో తరచుగా వినవచ్చుచున్నది. పిట్టలవానిపాలెమునుండి బాపట్లకో, తెనాలికో, రేపల్లెకో పోయి బి.కాం., బి.యస్సీ. ముగించి వచ్చిన పిల్లలకు రెండే దారులున్నట్లు పెద్దలు తలచుచున్నారు. ఒకటి, ఉన్న మాగాణి చూచుకొనుట. రెండవది, అందులో ఒక యెకరము తాకట్టుపెట్టి హైదరాబాదులో ఏదో యొక కోర్సున చేరుట. మూడవ దారి యొకటి కలదనియు, అది నిదానముగా నడువవలసిన దారి యనియు మనవిచేయుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

మొదట ఈ వృత్తి పుట్టుకను చూతము. 1946లో అమెరికాలో ఎనియాక్ అను గణనయంత్రము లోకమునకు వెల్లడియైనది. దానిచే లెక్కలు చేయించు క్రమమును కూర్చినవారు ఆరుగురు స్త్రీలు. అంతకుముందు వారు ఫిరంగిగుండ్ల గమనమును లెక్కకట్టు పనిలో నుండిరి. కంప్యూటరు శాస్త్రమున పట్టా యనునది అప్పటికి లేదు. యంత్రపు పటములను ముందుంచుకొని, దాని లోపలి నడకను ఊహించి వారు పని నేర్చిరి. 1959లో కోబాల్ భాషకు రూపకల్పన మొదలైనప్పుడు, వ్యాపారపు లెక్కలు తెలిసినవారికిని అర్థమగునట్లు దానిలో మామూలు ఇంగ్లీషు మాటలనే వాడిరి.

మన తెలుగువారి అనుభవమును ఇట్టిదే. పాత ప్రోగ్రాములలో సంవత్సరమును రెండంకెలతో వ్రాసెడివారు. 99 వెళ్లి 00 వచ్చినచో యంత్రము దానిని 1900గా గ్రహించునేమో యను భయము 1990 తరువాతి దశకమున ప్రపంచమంతటను వ్యాపించినది. ఆ ప్రోగ్రాములను సరిదిద్దుటకు వేలకొలది మనుష్యులు కావలసివచ్చిరి. అమీరుపేటలో మైత్రీవనము చుట్టును వెలసిన శిక్షణశాలలలో సివిల్, మెకానికల్ ఇంజనీర్లతో బాటు డిగ్రీ పట్టభద్రులును కోబాల్ నేర్చి దేశాంతరములకు పోయిరి. విప్రో సంస్థ 1995లోనే బి.యస్సీ. చదివినవారిని చేర్చుకొని, ఉద్యోగము చేయుచునే పైచదువు చదువు ఏర్పాటు చేసినది. హెచ్.సి.ఎల్. సంస్థ 2017లో ఇంటర్మీడియట్ ముగించిన పిల్లలకు ఇట్టి మార్గమునే తెరచినది.

మరి పట్టా లేనివాడు తనతో తీసికొనిపోవలసిన పెట్టుబడి యేది? తాను పెరిగిన చోటి పని యెరుకయే యని మా అభిప్రాయము. ధాన్యము కొనుగోలుకు ఒక ప్రోగ్రాము తయారగుచున్నదనుకొందము. దూరనగరమున కూర్చున్న ఇంజనీరు రైతు పేరు, సర్వే నంబరు, బస్తాల లెక్క, బ్యాంకు ఖాతా అని నాలుగు గళ్లు గీసి పని ముగిసినదనుకొనును. పిట్టలవానిపాలెపు పిల్లవాడు వెంటనే అడుగును: “భూమి ఒకరిది, సేద్యము కౌలుదారుది, సొమ్ము ఎవరి ఖాతాలో పడవలెను? ఒకే సర్వే నంబరును ఇద్దరు కౌలుదారులు పంచుకొన్నచో ఎట్లు? ధాన్యములో తేమ 17 శాతము మించినచో ఏ గడిలో వ్రాయవలెను? మేము 75 కిలోల బస్తాలలో చెప్పిన లెక్క క్వింటాళ్లలోనికి మారునప్పుడు తరుగు ఎవరి మీద పడును?”

ఇట్టి ప్రశ్నలు వేయుట ఆ పరిశ్రమలో జీతమిచ్చు పని. ప్రోగ్రామును పరీక్షించువారు, వాడుకరుల అవసరములను తెలిసికొని వ్రాసి యిచ్చువారు, వాడు పద్ధతిని విడమరచి చెప్పువారు అచ్చట కావలయును. 2017 జూలైలో జి.యస్.టి. వచ్చిన పిమ్మట దుకాణముల పద్దులు చాలవరకు కంప్యూటరులోనికి ఎక్కినవి. ఆ పద్దు ఎరిగిన బి.కాం. పట్టభద్రుడు ఆ ప్రోగ్రాములోని తప్పును పట్టగలడు.

అట్లని చదువు అక్కరలేదని మా భావము కాదు. ప్రోగ్రాము భాష ఒక్కటి, సమాచారమును పట్టికలలో భద్రపరచు పద్ధతి ఒక్కటి, తప్పులేని ఇంగ్లీషులో ఉత్తరము వ్రాయు నేర్పు ఒక్కటి—ఈ మూడును సంపాదింపక తీరదు. వీనికై పొలము తాకట్టు పెట్టనక్కరలేదు. ఐ.ఐ.టి.ల ఆచార్యుల పాఠములు 2003లో మొదలైన ఎన్.పి.టి.ఇ.ఎల్. ద్వారా ఉచితముగా లభించుచున్నవి. మద్రాసు ఐ.ఐ.టి. 2020లో ప్రారంభించిన డేటా శాస్త్రపు చదువును ఇంటినుండియే సాగింపవచ్చును. ఇంటర్మీడియట్‌లో ఏ శాఖ చదివినను అడ్డులేదు గాని, పదవ తరగతిలో గణితము చదివియుండవలెను. నేర్చినదానితో ఊరికి పనికివచ్చు చిన్న వస్తువు నొకదానిని తయారుచేయుట మేలు. ఎరువుల దుకాణపు అరువు పద్దు చాలును. పదిమంది వాడిన ఆ పద్దు, గోడకు వ్రేలాడు ధ్రువపత్రముకంటె గట్టిగా సాక్ష్యము పలుకును.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక చేయక తప్పదు. సొమ్ము పుచ్చుకొని, చేయని ఉద్యోగమునకు అనుభవపత్రము పుట్టించి యిత్తుమని చెప్పువారు కలరు. పెద్ద సంస్థలు పూర్వోద్యోగమును విచారించి చూచును. అబద్ధము రెండేండ్లకు బయటపడినను ఉద్యోగము పోవును. అప్పు మాత్రము నిలిచియుండును. ఉద్యోగమునకు ముందే ధరావతు అడుగువారిని నమ్మరాదు.

కాలమును మారినది. 2022 నవంబరులో చాట్‌జి.పి.టి. వెలువడిన పిమ్మట, క్రొత్తవారు చేయు చిన్న ప్రోగ్రాములను యంత్రమే వ్రాయజొచ్చినది. కావున ప్రవేశద్వారము మునుపటికంటె ఇరుకైనదని దాచక చెప్పవలెను. ఆరు నెలలలో కొలువు వచ్చునని ఎవరైనను మాట యిచ్చినచో అనుమానింపవలెను; ఒకటి రెండేండ్లు పట్టునని తలచి, ఆ లోపల ఏదో యొక జీవనోపాధిని చేతనుంచుకొనుట వివేకము. అయినను, యంత్రము వ్రాసినది కౌలుదారునకు న్యాయము చేయునా లేదా యని సరిచూచుటకు కౌలు అననేమో తెలిసిన మనుష్యుడు ఉండవలెను. ఆ తెలివి మన పిల్లలకు ఇంటనే అబ్బినది. దానిని నామోషీగా దాచుకొనక, దానికి చదువును జోడించి ముందునకు పొమ్మని మనము వారికి ధైర్యము చెప్పుదము.