ఉమ్మడి కంప్యూటర్‌కి తాళం ఎవరి దగ్గరుంది?

(స్త్రీల సంఘాల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను "స్త్రీలు - సాంకేతిక పరిజ్ఞానం" అనే విషయం మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయం జోలికి పోవడం లేదు. మీ అందరి ఆఫీసుల్లోనూ కంప్యూటర్ తెరమీద కుడివైపు కింద మూలన అప్పుడప్పుడూ ఒక చిన్న డబ్బా ప్రత్యక్షమవుతుంది. అప్‌డేట్ సిద్ధంగా ఉంది, మెషీన్ ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి, ఇప్పుడా తర్వాతా అని అడుగుతుంది. ఆ డబ్బా గురించి మాట్లాడతాను. నవ్వుతున్నారు. నేనూ ఒకప్పుడు నవ్వేదాన్నే.

కొన్నేళ్ళ క్రితం పరిశోధన పనిమీద ఒక కౌన్సెలింగ్ కేంద్రంలో రెండు నెలలు కూర్చున్నాను. అక్కడున్నది ఒకటే కంప్యూటర్. ఇద్దరు కౌన్సెలర్లు, కోఆర్డినేటర్, లెక్కలు రాసే ఆయన, టైపు చేసే అమ్మాయి - ఐదుగురి పనీ దానిమీదే. ఒక మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. గృహహింస చట్టం కింద నివేదిక తయారుచేయడానికి ఆవిడ చెబుతూంటే, నిధులిచ్చే సంస్థ పెట్టమన్న ఆన్‌లైన్ ఫారంలో నేరుగా టైపు చేస్తున్నారు. పదకొండేళ్ళ కాపురంలో పుట్టింటివాళ్ళకి కూడా చెప్పుకోని సంగతులవి. ముప్పావుగంట గడిచాక ఉన్నట్టుండి తెరమీది ఫారం పోయి, నీలం తెరమీద చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలైంది. కొట్టిందంతా పోయింది. "మళ్ళీ మొదట్నించీ చెప్పాలామ్మా?" అని అడిగిందావిడ.

చెప్పింది. కానీ రెండోసారి చెప్పింది మొదటిదాంట్లో సగం కూడా లేదు. మొదట చెప్పిన ఒక సంగతిని అసలు ఎత్తనే లేదు. కౌన్సెలర్‌కి అది గుర్తుంది. ఆవిడ నోటితో మళ్ళీ చెప్పనిది తను రాయడం న్యాయం కాదనుకుని ఊరుకుంది. కోర్టుకెళ్ళిన కాగితంలో ఆ సంగతి లేదు.

ఆ సాయంత్రం ఆఫీసులో రెండు మాటలు వినిపించాయి. ఒకటి, "ఈ అప్‌డేట్లని శాశ్వతంగా ఆపి పారేయాలి." రెండోది, టైపు చేసే అమ్మాయి ఏదో నొక్కేసిందని. ఆ అమ్మాయి ఏమీ నొక్కలేదు. నొక్కింది మిగతావాళ్ళు. నెలరోజులుగా ఎవరి పని మధ్యలో డబ్బా వస్తే వాళ్ళు "తర్వాత" అని నొక్కి, దాన్ని రాబోయేవాళ్ళ నెత్తిన పెట్టి వెళ్ళిపోయారు. విండోస్ కొంత గడువిస్తుంది. గడువు దాటితే మన అనుమతి కోసం ఆగదు. పనివేళలు ఫలానా అని ముందే చెప్పి పెడితే మామూలుగా ఆ వేళల్లో మెషీన్‌ని ఆపదు. రోజుకి 18 గంటల దాకా అలా పెట్టుకోవచ్చు. వారాల తరబడి వాయిదా వేస్తూ పోతే ఆ రక్షణా ఉండదు.

మరి ఆ పనివేళలు ఎవరూ ఎందుకు పెట్టలేదు? కంప్యూటర్‌కి అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంది. అది లేకుండా ముఖ్యమైన సెట్టింగులు చాలావరకు ఎవరూ మార్చలేరు. ఆ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందని అడిగితే నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మెషీన్ కొనిపెట్టింది కోఆర్డినేటర్ గారి మరిది. ఆయన బెంగుళూరులో ఉంటాడు.

ఇది మనకి తెలియని సంగతేం కాదు. పొయ్యి దగ్గర ఉండేది ఒకరు, గ్యాసు బుక్ చేసే ఫోన్ నంబరు ఇంకొకరిది. రోజూ ఆ డబ్బాని చూసేది టైపు చేసే అమ్మాయి, దానికి జవాబు చెప్పే హక్కున్నది ఎక్కడో ఉన్న మగమనిషి, ఏదైనా జరిగితే తిట్లు తినేది మళ్ళీ అమ్మాయే. మెషీన్‌ని బాగా ఉంచడం ఊడ్చి తుడవడం లాంటి పని. చేసినన్నాళ్ళూ ఎవరికీ కనిపించదు, మానేసిన రోజునే కనిపిస్తుంది. ప్రాజెక్టు బడ్జెట్లలో శిక్షణకి పద్దు ఉంటుంది, పోస్టర్లకి ఉంటుంది. దీనికి ఉండటం నేను చూడలేదు.

అప్‌డేట్లు ఆపేయాలన్న మాటకొస్తాను. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ కొద్ది రోజుల్లోనే 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లని పట్టుకుంది. ఫైళ్ళన్నిటికీ తాళం వేసి డబ్బు కడితేనే తీస్తానంది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులని వెనక్కి పంపాయి. ఇక్కడ ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది. దెబ్బతిన్నవాళ్ళలో ఎక్కువమంది అది వేసుకోనివాళ్ళే. మన మెషీన్లలో ఉన్నవేమిటో గుర్తుచేసుకోండి. ఇల్లు వదిలి వచ్చినవాళ్ళు ఇప్పుడెక్కడ ఉంటున్నారో ఆ చిరునామాలున్నాయి.

అలాగని పాస్‌వర్డ్ గోడమీద రాసి పెట్టమనడం లేదు. రోజువారీ పని అందరూ మామూలు ఖాతాలోనే చేసుకోవాలి, అదే క్షేమం. మన పొదుపు సంఘాల్లో బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకాలు పెట్టించాం కదా, దీనికీ అలాగే ఇద్దరుండాలి. ఆ ఇద్దరిలో ఒకరు రోజూ కీబోర్డు ముందు కూర్చునే మనిషి కావాలి. పాస్‌వర్డ్ ఒక కవరులో పెట్టి, అతికించి, క్యాషు పెట్టె ఉండే బీరువాలో ఉంచండి. వారానికొక సాయంత్రం, ఆఖరి కేసు వెళ్ళిపోయాక, ఆ ఇద్దరిలో ఒకరు సెట్టింగుల్లోకి వెళ్ళి అప్‌డేట్లు వేసి, మెషీన్ మళ్ళీ మొదలయ్యేదాకా ఉండాలి. కరెంటు పోయే ఊళ్ళలో యూపీఎస్ బ్యాటరీ ముందు చూసుకోండి, మధ్యలో ఆగితే కొత్త తలనొప్పి. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపేవాళ్ళు ఆ కనెక్షన్‌ని "మీటర్డ్" అని గుర్తుపెడితే పెద్ద అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి, లేకపోతే మీ డేటా ప్యాక్ పూటలో ఖాళీ. ఏదో వెబ్‌సైటు చూస్తుండగా "మీ బ్రౌజర్ పాతబడింది, ఇక్కడ నొక్కండి" అని వచ్చేది మాత్రం నమ్మవద్దు. దొంగనోటీసులు చాలావరకు ఆ దారినే వస్తాయి. డబ్బామీద కాకుండా, సెట్టింగుల్లోకి మీరే వెళ్ళి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

ఇంకో భయం నాకు తెలుసు, ఎందుకంటే పత్రిక పనిలో నేనూ పడ్డాను. అప్‌డేట్ చేస్తే అను ఫాంట్లూ పేజ్‌మేకరూ నడవవేమోనని. అది ఉత్త భయం కాదు. పత్రిక పేజీలు పాత మెషీన్ మీదే పెట్టుకోండి, దానికి ఇంటర్నెట్ తీగ తీసేయండి. కేసు కాగితాలు మాత్రం అందులో ఉండకూడదు.

విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. కాబట్టి కొన్నిచోట్ల డబ్బా ఇప్పుడు వేరే మాట చెబుతూంది, కొత్త కంప్యూటర్ కొనమని. విండోస్ 11 చాలా పాత మెషీన్లని ఒప్పుకోదు. మనకి విరాళంగా వచ్చేవి ఎక్కువగా అలాంటివే. ఇవ్వడానికి వచ్చినవాళ్ళని ఇది ఏ విండోస్‌కి పనికొస్తుందో అడగండి, మొహమాటపడకండి. నిధుల దరఖాస్తులో కంప్యూటర్ మరమ్మతుకీ నిర్వహణకీ ఒక పద్దు రాయండి. కొట్టేస్తే మళ్ళీ రాయండి.

ఆ కేంద్రంలో ఏమైందని మీరు అడుగుతారు. మరిదిగారికి ఫోన్ చేసి పాస్‌వర్డ్ తెప్పించడానికి పదిహేను రోజులు పట్టింది. ఆయనకీ గుర్తులేదు, పాత డైరీలో దొరికింది. టైపు చేసే అమ్మాయి పేరూ ఒక కౌన్సెలర్ పేరూ రిజిస్టరులో రాశారు. ఇప్పుడు ఫారం నింపేముందు నోటుపుస్తకంలో చేత్తో రాసుకుంటున్నారు. లెక్కల ఆయన మాత్రం ఇంకా "తర్వాత" అనే నొక్కుతున్నాడట.